ఆకు పిలిస్తే వచ్చేవి

గంగరాజు ఇక జన్మలో మందు డబ్బా వీపుకెత్తకూడదని డాక్టరు చెప్పిన రోజునే హైమవతికి ఆ యంత్రం ఆలోచన వచ్చింది.

గంగరాజు ఆమె అక్క సత్యవేణి భర్త. గోదావరి పాయ ఒడ్డున మొగలిలంకలో వాళ్ళకి కూరగాయల తోట ఉంది. మీసాలు రాని వయసు నుంచి తన తోటకీ, అడిగితే పక్కవాళ్ళ తోటలకీ పురుగుమందు కొట్టినవాడు. మూతికి గుడ్డ కట్టుకోమంటే నవ్వేవాడు. ఇప్పుడు టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి సగం ఒలికిపోతోంది. నరాల మీదికి వచ్చిందని, మళ్ళీ ఆ మందు ఒంట్లోకి వెళ్తే తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరు నిక్కచ్చిగా చెప్పాడు. బయటికొచ్చాక సత్యవేణి ఏడవలేదు. చెల్లెలి వైపు తిరిగి, "పురుగుల చదువు చదివేవు కదా. మందు లేకుండా పురుగు పోయే దారేదో నువ్వే చూడవే" అంది.

హైమవతి రాజమండ్రిలో ఒక పరిశోధన కేంద్రంలో కీటక శాస్త్రవేత్త. వేప కషాయం, జిగురు పూసిన పసుపు అట్టలు, పులిసిన మజ్జిగ, ఇవన్నీ అక్కకి ఎప్పుడో చెప్పింది. అవి పనిచేస్తాయి. కాకపోతే రోజూ తోటంతా కలియదిరిగి ఏ ఆకు కింద ఏముందో చూసుకునే ఓపిక కావాలి. గంగరాజుకి ఆ ఓపిక లేదు. ఒక ఆకు ముడుచుకుంటే తోటంతా మందు కొట్టడమే అతనికి తెలిసిన వైద్యం.

ప్రయోగశాలలో హైమవతికి తోడు షమీమ్ అనే కుర్ర పరిశోధకురాలు ఉండేది. ఇద్దరూ కలిసి రెండుగా చీలిన గాజు గొట్టం ఒకటి తయారు చేయించారు. ఒక కొమ్మ చివర శుభ్రమైన చిక్కుడు మొక్క, రెండో కొమ్మ చివర ఆకు రసం పీల్చే పేనుబంక పట్టిన చిక్కుడు మొక్క పెట్టారు. గొట్టం మొదట్లో నువ్వుగింజలో సగం కూడా లేని నల్లటి కందిరీగను వదిలారు. పేనుబంక ఒంట్లో గుడ్డు పెట్టి దాన్ని లోపలినుంచి తినేసే జాతి అది. కందిరీగ చీలిక దాకా నడిచి ఆగింది. మీసాలు ఆడించి, మరో ఆలోచన లేకుండా పేను పట్టిన మొక్క వైపు తిరిగింది. పురుగు పీల్చిన ఆకు ఒక సన్నటి వాసన వదులుతుంది. మనిషి ముక్కుకి అందని ఆ వాసనే కందిరీగకి పిలుపు.

తరవాత ఆ మొక్కను తీసేసి, ఆ చోట చెంబంత రేకు డబ్బా పెట్టారు. అందులో హైమవతి కూర్చి పెట్టిన అదే వాసన ఉంది, ఆకు వదిలేదానికి వందరెట్లు గాఢంగా. కందిరీగ ఈసారి నడవలేదు, ఎగిరింది. షమీమ్ గట్టిగా నవ్వేసింది.

ఆ డబ్బాకి వాళ్ళు పెట్టిన పేరు "పిలుపు". తోటలో గాలిని పీల్చి, ఏ ఆకు ఏ పురుగు చేతిలో నలుగుతోందో వాసనబట్టి కనిపెడుతుంది. చిన్న తెరమీద దాని పేరు చూపిస్తుంది. ఆ వెంటనే అదే వాసనను పెద్దది చేసి గాలిలోకి వదులుతుంది.

మొదటి డబ్బాను సత్యవేణి చిక్కుడు పందిరి పక్కన వెదురుగడకి కట్టారు. తీగ చివర్లన్నీ నల్లటి పేనుబంకతో జిగటగా ఉన్నాయి. రెండు రోజులు ఏమీ జరగలేదు. ఆ తరవాత ఒక పొద్దున సత్యవేణి పందిరి కిందికి వెళ్ళి, బిందె అక్కడే దించేసి, చెల్లెలికి ఫోన్ చేసింది. పందిరి మీద ఎవరో కుంకుమ చల్లినట్టు ఎర్రటి అక్షింతల పురుగులు వాలి ఉన్నాయని చెప్పింది. వారం తిరిగేసరికి తీగ చివర్లు పచ్చగా తేలాయి. వంగ మడిలో కాయ తొలిచే పురుగు కూడా తగ్గింది. గంగరాజు మంచం తోటలోకి వేయించుకుని, పురుగులు పురుగుల్ని తింటుంటే గంటలకొద్దీ చూస్తూ కూర్చునేవాడు. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. పత్రికలో హైమవతి బొమ్మ పడింది.

గంగరాజు తోటకి తూర్పున, ముళ్ళకంచె అవతల మార్తమ్మ కౌలు తోట. చిన్నదే, కానీ ఆమె కుటుంబానికి అదే ఆధారం. ఒకరోజు హైమవతి తోటలో ఉండగా మార్తమ్మ కంచె దగ్గరికి వచ్చి, చీరచెంగులోంచి ఒక చిక్కుడు కొమ్మ తీసి చూపించింది. కొమ్మ కనబడకుండా పేనుబంక పట్టి ఉంది.

"మీ మిషను మంచిదేనండి" అంది మార్తమ్మ, కోపం లేకుండా. "మా పురుగుల్ని కూడా మీ తోటలోకే పిలిచేసుకుంది. మా వేపు ఒక్కటీ మిగల్లేదు."

హైమవతి ఆమెతో కంచె దాటి వెళ్ళి చూసింది. మార్తమ్మ ఎప్పుడూ మందు వాడిన మనిషి కాదు. మామూలుగా ఆమె తోటలో అక్షింతల పురుగులూ, సాలీళ్ళూ, గొల్లభామలూ మసలుతుండేవి. ఇప్పుడు వెతికితే ఒక్కటి దొరకలేదు. హైమవతికి ముఖం చెల్లలేదు. అప్పుడు ఆమెకు తోచిన పరిష్కారం ఒక్కటే. మార్తమ్మకి కూడా ఒక డబ్బా ఇస్తే సరిపోతుంది. మార్తమ్మకి ఇస్తే ఆమె పక్కవాళ్ళ తోట ఖాళీ అవుతుంది కనక వాళ్ళకీ ఇవ్వాలి. చివరికి కేంద్రం డైరెక్టరుతో మాట్లాడి, వానలు పడేనాటికి మొగలిలంకలో తోటతోటకీ ఒక డబ్బా కట్టించింది. డైరెక్టరుకి కూడా అదే కావాలి. ఊరు ఊరంతా మందు మానేసిందంటే అది దేశమంతా చెప్పుకునే మాట.

ఆ వానాకాలమంతా మొగలిలంక పురుగుల్ని పిలుస్తూనే ఉంది. ఒక ఆకు మీద నాలుగు పేలు కనబడితే చాలు, ఆ డబ్బా తోటంతా తిండి ఉందన్నట్టు వాసన కొట్టేది. మొదట్లో అక్షింతల పురుగులు తోటనుంచి తోటకి మేఘంలా కదిలాయి. జనం సంబరపడ్డారు. వాలినచోట తిండి లేక అవి మళ్ళీ లేచి, మరో డబ్బా దగ్గరికి ఎగిరి, అక్కడా లేక వాలిపోతున్నాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. డబ్బాల కింద ఎండిన ఎర్రటి రెక్కలు పొద్దున ఊడ్చేసేవారు.

కార్తీకం వచ్చేసరికి పురుగులు రావడం మానేశాయి. మొదట మార్తమ్మ తోటలో చిక్కుడు నల్లబడింది. ఆ తరవాత వరసగా అందరి తోటల్లో టమాటాకి తెల్లదోమ, బెండకి పచ్చదోమ పట్టాయి. వంగకాయ కోస్తే లోపల పురుగు. డబ్బా తెరమీద పేర్లు మెరుస్తూనే ఉన్నాయి, వాసన వదులుతూనే ఉంది. ఏ రెక్కా ఇటు తిరగలేదు. అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే, డబ్బా పాడైపోయిన తోటలో కూడా ఏమీ వాలలేదు. ఆకులు తమంతట తాము పిలిచినా పలికేవాళ్ళు లేకపోయారు. వెనక ఏ యంత్రమూ లేని రోజుల్లో కూడా ఊరు ఇంత దిక్కులేకుండా లేదు.

హైమవతి డబ్బాల్లో వాసన గాఢత పెంచి చూసింది. ఫలితం లేదు. అక్కకి ఫోన్ చేసి కాస్త ఓపిక పట్టమంది. సత్యవేణి పట్టింది గానీ గంగరాజుకి మనసు ఊరుకోలేదు. కంచె అవతల మార్తమ్మ ఎండిన తీగలు లాగి గట్టున వేస్తుంటే అతను రోజూ మంచం మీదనుంచి చూస్తున్నాడు. తన తోట మొదట ఆమె పురుగుల్ని లాక్కుందన్న మాట అతని లోపల ముల్లులా దిగింది.

ఒక మధ్యాహ్నం సత్యవేణి సంతకి వెళ్ళింది. గంగరాజు అటకమీది పాత మందు డబ్బా దించి, ఎవరినో అడిగి తెచ్చుకున్న మందు కలిపి, కంచె దాటాడు. మార్తమ్మ వద్దని చెప్పింది. డాక్టరు మాట ఊరందరికీ తెలుసు. అతను వినలేదు. మిగిలిన రెండు సాళ్ళయినా దక్కితే తన బరువు దిగుతుందన్నాడు. ఎదురుగాలిలో రెండో సాలు సగం కొట్టాక డబ్బాతో సహా బోర్లా పడ్డాడు. నోటివెంట నురగ వచ్చింది. మార్తమ్మే అతని చొక్కా చించి తీసేసి, ఒళ్ళంతా నీళ్ళతో కడిగి, ఆటోలో వేసుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

హైమవతి వెళ్ళేసరికి అతనికి గొట్టాలు పెట్టి ఉన్నాయి. సత్యవేణి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చెల్లెల్ని తిట్టలేదు. "ఈయన చేతికి మళ్ళీ ఆ మందు డబ్బా రాకూడదనే కదే ఇదంతా" అంది. ఆ మాటకన్నా తిట్టినా బాగుండేది.

మర్నాడు ప్రయోగశాలలో షమీమ్ ఆమె కోసం కాచుకుని ఉంది. మొగలిలంకనుంచి పట్టి తెచ్చిన కందిరీగల్ని పాత గాజు గొట్టంలో ఒక్కొక్కటిగా వదిలి చూపించింది. కందిరీగ చీలిక దాకా వచ్చి, మీసాలు ఆడించి, పేను పట్టిన మొక్క వాసన తగలగానే రెండో వైపు తిరిగి వెళ్ళిపోయింది. ఇంకోటి వదిలితే అదీ అంతే. దూరపు ఊరినుంచి తెచ్చిన కందిరీగలు మాత్రం ఎప్పట్లాగే మొక్క వైపే వెళ్ళాయి.

"ఇది నాన్నా పులి కథే మేడం" అంది షమీమ్. "వాసన వెంట వెళ్తే ఆకలే మిగులుతుందని ఇవి నేర్చుకున్నాయి. మన డబ్బా అబద్ధం చెప్పింది. ఇప్పుడు నిజం ఆకు నిజంగా ఏడ్చినా నమ్మట్లేదు."

 హైమవతి లేచి డైరెక్టరు గదికి వెళ్ళింది. పురుగులకి కొత్తగా అలవాటయ్యే మరో వాసన కనిపెట్టి, డబ్బాల్లో అది నింపుదామని ఆయన సూచించాడు. ఆ కొత్త వాసన కూడా ఒక పంటకాలంలో అబద్ధమే అవుతుందని, డబ్బాలు పిలవడం మానాలని ఆమె చెప్పింది. ఆయనకి రుచించలేదు. చివరికి ఆ ప్రాజెక్టును ఆమె చేతుల్లోంచి తీసేస్తున్నామని, ఆమె వెనకటిలా విత్తన నిల్వల్లో పురుగుల సంగతి చూసుకోవచ్చని చెప్పాడు. ఆమె సరేనని, సెలవు పెట్టి, మొగలిలంక బస్సెక్కింది. షమీమ్ తన పని తను చేసుకుంటానంటూనే ఆమె వెనకే బస్సెక్కింది.

పాలకేంద్రం ముందు ఊరివాళ్ళు కూడారు. అందరి ముఖాల్లోనూ గంగరాజు పడిపోయిన వార్త కనబడుతోంది. హైమవతి ఏం జరిగిందో దాచకుండా చెప్పింది. పురుగుకి వాసనా తిండీ ఒకే చోట దొరకాలి. అలా పదే పదే దొరికితేగాని దానికి నమ్మకం రాదు. అందుకు రెండు పనులు కావాలి. ఒకటి, ఎవరూ మందు కొట్టకూడదు. ఇంకా ఎక్కడైనా నాలుగు అక్షింతల పురుగులో కందిరీగలో మిగిలి ఉంటే అవి చావకూడదు. రెండోది ఇంకా కష్టం. ఒక తోటను పేనుబంకకి వదిలెయ్యాలి. కషాయం కూడా కొట్టకుండా, నీళ్ళతో కడగకుండా, అవి ఇష్టంవచ్చినట్టు పెరిగేలా. ఆకు నిజంగా ఏడవాలి, వచ్చినవాటికి కడుపునిండా దొరకాలి.

గుంపులో గొణుగుడు మొదలైంది. పోయినసారి కూడా ఆమె మాటే విన్నామని ఒకాయన గుర్తు చేశాడు. మందు కొట్టకపోతే ఉన్నది కూడా పోతుందని మరొకాయన అన్నాడు. 

సత్యవేణి లేచింది. ఆసుపత్రినుంచి నేరుగా వచ్చిన మనిషి. "నా పందిరి చిక్కుడు వదిలేస్తాను" అంది. "ఊళ్ళో అన్నిటికన్నా బాగున్నది ఇంకా అదే. తిననివ్వండి."

ఆ తరవాత అందరూ మార్తమ్మ వైపు చూశారు. అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయింది ఆమే కనక, ఆమె కాదంటే ఎవరూ ఒప్పుకునేలా లేరు. 

"మాటిమాటికీ అబద్ధం పిలిస్తే మనిషే రాడు, పురుగొస్తాదా" అంది మార్తమ్మ. ఆపైన హైమవతిని చూసి, "ఈసారి మిషను కాదు కదండీ పిలిచేది. చెట్టే కదా. చెట్టు మాటయితే నేను ఉంటాను" అంది.

డబ్బాల్లోంచి వాసన సీసాలు తీసేశారు. గాలిని పీల్చి పురుగు పేరు చెప్పే భాగాన్ని మాత్రం షమీమ్ ఉంచింది. దాంతో జనానికి ఒక కొత్త పని అలవాటైంది. తెరమీద పేరు చూసి, ఆకు తిప్పి, ఉందో లేదో కళ్ళతో చూసుకోవడం. తొలుచుపురుగు పట్టి వాలిన వంగ కొమ్మల్ని తుంచి కాల్చేశారు. తెల్లదోమకి పసుపు అట్టలు వేలాడదీశారు. గట్లమీద బంతీ ఆముదమూ అలసందా వేశారు. కొత్తిమీర కొంత కొయ్యకుండా పూతకి వదిలారు. కందిరీగలకి ఆ పూల తేనె కావాలని హైమవతి చెప్పింది. సెలవు అయిపోయాక కూడా ఆదివారాలు వస్తూనే ఉంది.

సత్యవేణి పందిరి మాత్రం చూడలేని స్థితికి వచ్చింది. తీగలు నల్లబడ్డాయి. ఆకులు ముడుచుకుని తేనెబంక కారి, కింద నేలంతా జిగట. చీమలు బారులు తీరాయి. సత్యవేణి ఆ పక్కకి వెళ్ళినప్పుడల్లా తల తిప్పుకునేది. చేత్తో నలిపెయ్యబోయి ఎన్నోసార్లు ఆగిపోయింది. పుష్యం సగం గడిచినా ఏమీ రాలేదు. మందు కొట్టేద్దామనే మాట ఊళ్ళో మళ్ళీ మొదలైంది. ఒకాయన దుకాణం దాకా వెళ్ళి, దారిలో మార్తమ్మ ఎదురుపడితే వెనక్కి తిరిగాడు.

మొదట చూసింది మార్తమ్మే. ఒక ఆదివారం ఆమె పందిరి కింద నిలబడి, ఒక ఆకు కోసి తెచ్చి హైమవతి చేతిలో పెట్టింది. నల్లటి పేలమధ్య ఒక్క పేను మాత్రం ఉబ్బి, ఎండి, గోధుమగింజ రంగుకి తిరిగి ఉంది. దాని వీపున సూదితో పొడిచినంత గుండ్రటి కన్నం. లోపల పెరిగిన కందిరీగ కన్నం చేసుకుని బయటికి పోయింది. హైమవతి ఆ ఆకును షమీమ్ చేతికిచ్చింది. వెతికితే మరో ఆకు మీద అలాంటివి ఐదారు కనిపించాయి. తరవాతి ఆదివారానికి పందిరి ఒక పక్కంతా గోధుమరంగు పడింది. ఎర్ర పురుగులు ఒకటీ అరా వచ్చి, వాలి, లేవకుండా అక్కడే ఉండిపోయాయి. కడుపు నిండుతోంది కాబోలు.

చిక్కుడు పంట సత్యవేణికి దక్కలేదు. ఊళ్ళో చాలామందికి సగమే దక్కింది. హైమవతికి ప్రాజెక్టు తిరిగి రాలేదు. కానీ పక్క లంకవాళ్ళు వచ్చి పేర్లు చెప్పే డబ్బాలు అడిగినప్పుడు, వాళ్ళ దగ్గర ముందుగా మొగలిలంకలో జరిగిన పొరపాటు చెప్పింది, ఆ తరవాతే డబ్బా చూపించింది. షమీమ్ ఆ గాజు గొట్టం ప్రయోగాన్ని ఉన్నదున్నట్టు రాసి ప్రచురించింది. ఎక్కడెక్కడివాళ్ళో చదివి, తమ పొలాల్లో అలాంటి పని మొదలుపెట్టబోయి ఆగినట్టు రాశారు.

మాఘమాసంలో గంగరాజు ఇంటికి వచ్చాడు. గొంతు సన్నబడింది. రెండు చేతులూ ఇప్పుడు వణుకుతున్నాయి. తోటలోకి తీసుకెళ్ళమంటే సత్యవేణి భుజం ఇచ్చి నడిపించింది. పందిరి కింద మంచం వేశారు. కాసేపటికి అతను ఒక ఆకును దగ్గరికి లాక్కుని, బొటనవేలు పైకెత్తాడు. ఆకుమీద నల్లటి, ముళ్ళముళ్ళ పురుగు, నారింజరంగు మచ్చలతో, చూడ్డానికి పిల్ల మొసలిలా ఉంది.

"నలపకు బావా" అంది పక్కనే ఉన్న హైమవతి. "అది అక్షింతల పురుగు పిల్ల. పెద్దదానికన్నా ఇదే ఎక్కువ తింటుంది."

గంగరాజు వేలు వెనక్కి తీసుకున్నాడు. ఇలాంటివి తన జీవితంలో ఎన్ని నలిపేశాడో చెప్పలేనన్నాడు. పురుగు ముందున్న పేనును పట్టి, నమిలి, ఖాళీ తోలు వదిలేసి రెండోదాని మీదికి పాకింది. అతను ఆకును తొడిమతో సహా తుంచాడు. ఇంకో ఆకు మీద మరోటి కనిపిస్తే దాన్నీ తుంచాడు. రెండూ ఒక అరచేతిలో పెట్టుకుని, రెండో అరచెయ్యి దానిమీద గొడుగులా పట్టి, లేచాడు. సత్యవేణి పట్టుకోబోతే వద్దన్నాడు.

కంచె దాకా నడవడానికి అతనికి చాలాసేపు పట్టింది. చేతులు వణుకుతుంటే పురుగులు ఎక్కడ పడిపోతాయోనని రెండుసార్లు ఆగి తొంగి చూసుకున్నాడు. అవతల మార్తమ్మ కొత్తగా వేసిన చిక్కుడు మొలకలకి నీళ్ళు కడుతోంది. అతన్ని చూసి పార పక్కన పెట్టి వచ్చింది. అతను చేతులు కంచె మీదుగా చాపాడు.

మార్తమ్మ వంగి చూసింది.

"రెండే తెచ్చారా అన్నయ్యగారూ" అంది.

"నడిచి రాగలిగినన్ని తెచ్చేను" అన్నాడు గంగరాజు. "రేపు మళ్ళీ వస్తాను."

మార్తమ్మ రెండు ఆకుల్నీ జాగ్రత్తగా అందుకుని, పేను పట్టిన మొలక ఏదా అని వెతుక్కుంటూ సాళ్ళలోకి నడిచింది.